మిషన్ గంట

ఏసుదానం చేతిలోంచి చర్చి గంట తాడు లాగేసుకున్నది అతని మరదలు లీలారాణి. అందులో అనుమానమేమీ లేదు.

భార్య మెర్సీ పోయాక అతనికి మిగిలింది ఆ తాడొక్కటే. ఆదివారం పొద్దున్నే గంట కొట్టడం, మిగిలిన వారమంతా ఊరిని తిట్టుకోవడం. లీలారాణి స్త్రీల సమాజానికి పెద్ద. బావ ఎప్పుడు లేస్తే అప్పుడే దేవుడికి ఆదివారం అవుతోందని సంఘంలో అనేసింది. చందాలు పోగేసి గంట కొట్టే మిషన్ పెట్టించింది.

దాన్ని తయారుచేసింది పాలిటెక్నిక్ పాసైన సంజయ్. గంట గోపురం కింద గదిలో గోడకి ఒక డబ్బా, అందులో అంకెల గడియారం. పైన అటక మీద, గంట పక్కన మోటారు. బిగించిన రోజు సంజయ్ అందరికీ ఒక బిళ్ల బ్యాటరీ చూపించాడు.

"కరెంటు పోయినా ఇది టైము కాస్తాది మావా. ఇది లేదంటే, కరెంటు వచ్చిన ప్రతిసారీ గడియారం మళ్లీ అర్ధరాత్రి నుంచి మొదలెడతాది."

ఏసుదానానికి కావలసింది సరిగ్గా ఆ ముక్కే. ఆ గది పాత తాళంచెవి అతని మొలతాడుకే ఉంది. శనివారం మధ్యాహ్నం వెళ్లి బిళ్ల పీకి జేబులో వేసుకున్నాడు. కరెంటు కోతల కాలం. గడియారం తప్పడానికి సైతాను సాయం కూడా అక్కర్లేదు.

ఆదివారం గంట ఠంచనుగా ఎనిమిదికి మోగింది.

వెళ్లి చూశాడు. డబ్బాలో గడియారం అర్ధరాత్రి దాటి కాసేపయిందంటోంది. గడియారం తప్పు, గంట ఒప్పు. పై శనివారం డబ్బాకి వచ్చే వైరే లాగేశాడు. అంకెలు ఆరిపోయాయి. మర్నాడు గంట మోగింది.

మెర్సీ పోయిన నాటి నుంచి దేవుడితో మాటలు మానేసిన మనిషి. దేవుడు నిజంగానే ఉన్నాడేమోనన్న అనుమానం ఇప్పుడు పట్టుకుంది. ఒళ్లు మండిపోయింది.

మూడో ఆదివారం వేళకు ముందే చప్పుడు కాకుండా నిచ్చెన ఎక్కి అటకలోకి తల పెట్టాడు.

లీలారాణి పైట నడుముకి దోపుకుని, రెండు చేతులా తాడు పట్టుకుని నిలబడి ఉంది.

"ఒసే, ఏటిది?"

"నెమ్మదిగా మాటాడు బావా. పెట్టిన వారానికే మోటారు కాలిపోనాది. సంజయ్ ఫోనెత్తడు. సందాలిచ్చినోల్లకి ఏ మొకం సూపించీది?"

"ఇప్పుడే కిందకి దిగి అందరికీ సెప్తాను."

"సెప్పు. బ్యాటరీ పీకీసిన దొంగెవుడో నానూ సెప్తాను. ఈ గది తాళం నా దగ్గరొకటి, నీ దగ్గరొకటి. మూడోది లేదు."

కింద జనం చెప్పులు విప్పుతున్న చప్పుడు. ఇద్దరూ ఒకరినొకరు మింగేసేలా చూసుకున్నారు. ఎనిమిది కావస్తోంది.

ఆ పూట గంట ఎన్నడూ లేనంత నిండుగా మోగింది. పాస్టరుగారు ప్రసంగం ఆపి మరీ మిషన్ను మెచ్చుకున్నారు. మనిషి చెయ్యి పడకపోతే దేవుడి పని ఎంత శుభ్రంగా జరుగుతుందో చూడమన్నారు. అరచేతుల్లో తాడు మంట ఇంకా చల్లారని ఏసుదానం అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు. గంట కొట్టిందెవరన్న సంగతి ఇక చచ్చేదాకా ఎత్తడు.