గుండ్రంగా పన్నెండు పేర్లు

“కదలకు. సూది గుచ్చుకుంటది.”

పద్మజ భర్త చొక్కాకు గుండీ కుట్టి, దారం మూడు చుట్లు తిప్పి మెంతిగింజంత ముడి వేసి, పంటితో తెంచింది. ఆ ముడి ఆమెకు తప్ప ఇంకెవరికీ రాదు. చొక్కా చిరిగినా గుండీ ఊడదని రాఘవ అందరి దగ్గరా గొప్పలు పోతాడు. ఈరోజు మాత్రం ఆ ఊసెత్తకుండా ఒక తెల్లగుడ్డను ఆమె ముందు పడేశాడు.

మాదన్నపేటలో అతనికో కుట్టు షెడ్డు ఉంది. పన్నెండుమంది ఆడవాళ్లు బడిపిల్లల యూనిఫారాలు కుడతారు. నిన్న వాళ్లంతా సంఘం పెట్టుకుని ఈ గుడ్డను గోడకు తగిలించారు. ‘సర్కారు చెప్పిన కూలి ఇయ్యాలె. మా సంఘాన్ని ఒప్పుకోవాలె’ అని ఎర్రదారంతో కుట్టి ఉంది. దాని చుట్టూ గుండ్రంగా పన్నెండు పేర్లు. ముందెవరో వెనకెవరో తెలిసే దారే లేదు.

“ఇది కుట్టినామెనే లీడరు. ఆమెను పనిలకెల్లి తీసేస్తే మిగిలినోళ్లు సప్పుడు జెయ్యరు. ఎవరి చేతిపనో చెప్పు.”

పద్మజను అడగడం సబబే. పెళ్లికి ముందు ఆమె అఫ్జల్‌గంజ్‌లో ఒక దుకాణంలో కుట్టుపని చేసింది. ఇప్పుడు షెడ్డులో తయారైన ప్రతి బట్టనూ తిరగేసి చూశాకే బయటికి పంపుతుంది. కుట్టు సంగతి వెనకవైపే తెలుస్తుందని రాఘవకు నేర్పిందీ ఆమే.

పద్మజ గుడ్డను పైపైన చూసి మడిచేసింది.

“మన షెడ్డోళ్లది కాదు. బయటామెతోని కుట్టిచ్చిన్రు.”

“పక్కానా?”

“పక్కా. గింత లొల్లెందుకు? అడిగింది ఇయ్యరాదు?”

“నీకేం తెల్వదు, ఊకో.”

రాఘవ గుడ్డ చంకన పెట్టుకుని షెడ్డుకు వెళ్లాడు. మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. బడులు తెరవడానికి వారమే ఉంది. స్కూలు నుంచి పొద్దున్నే రెండు ఫోన్లు వచ్చాయి.

“ఎవరు షురూ జేసిన్రో చెప్పుండ్రి. మిగిలినోళ్లకు ఫికర్ లేదు.”

అందరిలోకీ పెద్దదైన నాగమణమ్మ లేచింది. ఇల్లంతా ఆమె కూలి మీదే నడుస్తోంది. అయినా వెనక్కి తగ్గలేదు.

“గుండ్రంగ ఉన్నదాంట్ల మొదలేడుంటది సేటూ? తీస్తే పన్నెండుమందిని తియ్యి. యూనిఫారాలు నువ్వే కుట్టుకో.”

షెడ్డంతా గొల్లున నవ్వింది. పాపం, రాఘవకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. మూడో ఫోన్ మోగింది. అతను కుర్చీలో కూలబడి, కూలికీ సంఘానికీ ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం పెట్టాడు.

చప్పట్లు, కేకలు. ఒకరినొకరు కావలించుకున్నారు. నాగమణమ్మ ఏడుస్తూనే నవ్వింది. పన్నెండు మిషన్లూ ఒక్కసారిగా మొదలయ్యాయి. ఓడిపోయినా ఆ చప్పుడు వింటుంటే రాఘవ ప్రాణం కుదుటపడింది.

“ఆ గుడ్డ మాకియ్యి సేటూ. గోడకు ఉండనీ” అంది నాగమణమ్మ.

ఇవ్వబోతూ, అలవాటు కొద్దీ దాన్ని తిరగేశాడు.

ప్రతి పేరు వెనకా తన చొక్కా గుండీ ముడే ఉంది.