ముబారక్ గారి నడక

“తివాచీలు నేసేవాళ్ల ఇల్లు ఇదేనాండీ?”

గుమ్మంలో ఎవరో పెద్దాయన. ఎగ్గట్టిన పంచె, చంకలో గొడుగు, చేతిలో నాలుగు మడతల కాగితం. ఆ కాగితం మీద పచ్చటి ఆకు బొమ్మ చూడగానే మోయిన్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

ఆ ఆకు బొమ్మే అతనికి అన్నం పెడుతోంది మరి.

అది రెండువేల ఎనిమిది. మోయిన్ డిగ్రీ పాసై రెండేళ్లయింది. ఉద్యోగం రాలేదు గానీ ఇంగ్లీషు వచ్చు. ‘ఇంట్లో కూర్చుని రాయండి, డాలర్లు సంపాదించండి’ అని కనిపించిన ప్రతి ప్రకటనకీ ఏలూరు పవర్‌పేట నెట్ సెంటర్లోంచి మెయిల్ పెట్టాడు. రెండు నెలలు ఎవరూ పలకలేదు. ఆ తర్వాత ఒకాయన పలికి, కుక్కలకి జుట్టు ఎలా దువ్వాలో మూడొందల మాటల్లో రాయమన్నాడు. ఏలూరులో కుక్కల మీద రాళ్లు వెయ్యడమే గానీ వాటిని దువ్వడం ఎవరు చూశారు? అయినా రాశాడు. పాపం, బాగానే రాశాడు.

కుక్కల తర్వాత తగిలింది ఈ ఆకు బొమ్మ కంపెనీ. కాళ్లు పడిపోయినవాళ్లకి మాత్రలు అమ్ముతుంది. అవి వాడి లేచి నడిచామని రోగులు రాసినట్టు ఉత్తరాలు రాసిపెట్టాలి. కుక్కల మీద కంటే బాగా ఇస్తారు.

మొదటి ఉత్తరం రాసిన రోజు మోయిన్‌కి అన్నం సయించలేదు. పదో ఉత్తరం నాటికి సయించింది. ఊహించి పెట్టే పేర్లు అయిపోయాక తెలిసిన పేర్లూ తెలిసిన వీధులూ వాడేశాడు. చదివేది అమెరికా వాళ్లు, మన తంగెళ్లమూడి ఎక్కడుందో వాళ్లకేం తెలుసు అనుకున్నాడు. అమెరికాలో కనిపించేది ఏలూరులోనూ కనిపిస్తుందని, రోజూ నెట్ సెంటర్లో కూర్చునే మనిషికే తట్టలేదు.

ఏం రాస్తున్నాడో ఇంట్లో మాత్రం చెప్పలేదు. సిగ్గు. తండ్రి అడిగితే “వ్యాసాలు అబ్బా” అనేవాడు. ఆయనకి ఇంగ్లీషు రాదన్నదొక్కటే ధైర్యం. ఆయనేమో కిటికీ పక్క మంచం మీద నుంచే వీధిన పోయేవాళ్లని పిలిచి, “మావాడు రైటరండీ” అని చెప్పేవాడు.

“ఏ స్టేషన్లోనండీ?” అని అడిగేవాళ్లు. పోలీసు స్టేషన్లో తప్ప రైటరు ఇంకెక్కడుంటాడు?

“విదేశాలకి రాస్తాడండీ” అనేవాడాయన. లోపలి గదిలో ఆ మాట వినపడ్డప్పుడల్లా మోయిన్ తల వాలిపోయేది.

ఇప్పుడు ఆ మంచం మీద నుంచే తండ్రి, “ఎవరురా? లోపలికి రమ్మను” అన్నాడు.

వచ్చినాయన పేరు వీరాస్వామి. కొల్లేటి లంకల్లోంచి, రెండు బస్సులు మారి వచ్చాడు. భార్య పుష్పమ్మకి ఏడాదిగా కాళ్లు పనిచెయ్యడం లేదు. అల్లుడు నెట్‌లో చూసి ఈ కాగితం ప్రింటు తీయించి ఇచ్చాడట.

“ఆర్నెల్లు వాడాలంటండీ. పడవ అమ్మితే గానీ కుదరదు. బేరం అయిపోయింది. కాయితంలో ఆయన మన ఏలూరాయనే కదా, అమ్మేముందు ఒక్కసారి ఆయన నడిస్తే కళ్లారా చూసి పోదామనొచ్చానండీ.”

“పడవ పోతే మీకు జరుగుబాటు ఎలాగండీ?” అన్నాడు తండ్రి.

“ఆవిడ లేచి తిరిగితే చాలండీ. ఇద్దరం ఏదో చేపల చెరువు మీద కాపలాకి పోతాం.”

 తండ్రి కొడుకు వైపు తిరిగాడు.

“ఆ కాగితం చదవరా. తెలుగులో చెప్పు.”

తను రాసింది ఇంట్లో చదివి వినిపించకుండా మోయిన్ ఎన్నిసార్లో తప్పించుకున్నాడు. ఇవాళ తప్పలేదు. కాగితం అందుకుని మొదలుపెట్టాడు.

“నా పేరు ముబారక్. ఏలూరు తంగెళ్లమూడిలో తివాచీలు నేసేవాడిని. కాళ్లు పడిపోయాయి. ఈ మాత్రలు వాడిన మూడో నెలలో లేచి నిలబడ్డాను. ఇప్పుడు ఐదు పూటలా మసీదుకి నడిచే వెళ్తున్నాను. నన్ను చూసి...”

అక్కడ ఆపేశాడు.

“ఆయనేనండీ!” వీరాస్వామి ముందుకి వంగాడు. “మీరూ నేతవాళ్లే కదా, ఎరిగే ఉంటారు. ఎక్కడుంటారండీ?”

మోయిన్ నోరు తెరిచాడు. ఎవరూ నడవలేదండీ, అదంతా డబ్బులకి నేనే రాశాను అనాలి. ఒక్క ముక్క చాలు. తండ్రి వింటుండగా ఆ ముక్క నోటికి రాలేదు.

“ఆయన... ఊళ్లో లేరండీ.”

“అయితే రేపొస్తానండీ.”

“రేపూ ఉండరు.”

“పోనీలెండి, చూడకపోయినా ఫరవాలేదు. పడవ ఇచ్చేసి మాత్రలు తెప్పించేస్తాను. మీ వీధాయన, అందులోనూ ఐదు పూటలా నమాజు చేసే మనిషి, అబద్ధం ఎందుకు రాస్తారండీ?”

మోయిన్ ఇక తల ఎత్తలేకపోయాడు. జన్మలో అంత సిగ్గు ఎరగడు.

తండ్రి చెయ్యి చాచి కాగితం అందుకున్నాడు. తనకి రాని ఆ ఇంగ్లీషుని పైనుంచి కిందిదాకా చూశాడు. కొడుకు ముఖం కూడా చూశాడు. కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టి, వీరాస్వామికి ఇవ్వకుండా తన తలగడ కింద పెట్టుకున్నాడు.

“పడవ అమ్మకండి” అన్నాడు.

“అదేంటండీ?”

“ఆ మాత్రలు మింగే పోయాడండీ ముబారక్” అన్నాడు, నాలుగేళ్లుగా ఆ మంచం దిగని ముబారక్.