దొంగ టిక్కులు

గోపాలపట్నం ఫిజియోథెరపీ గదిలో నా మనవరాలు జ్యోతిర్మయి పిడికిలి బిగించింది. నిరుడు గాజుపెంకు కోసేస్తే నరం కుట్టించిన ఉంగరపు వేలు మాత్రం నిటారుగా నిలబడింది.

"ఇంటి వ్యాయామాల చార్టులో రోజూ టిక్కులున్నాయి, వేలు వంగలేదేం? ఇలాగైతే మళ్లీ ఆపరేషనే," అంది నర్గీస్ మేడం.

"అది లైట్‌హౌసమ్మా. దాన్ని సూసే ఓడలు ఒడ్డుకొత్తాయి," అన్నాను. ఆవిడ నవ్వలేదు.

"తాతకి తెల్దు మేడం. వ్యాయామం ఎగ్గొట్టి, టిక్కులు నానే ఎట్టేసినాను," అంది పిల్ల.

టిక్కులు పెట్టింది నేను. వేలు వంచబోతే ఏడ్చేది. చూడలేక, రోజూ వ్యాయామం మాని తిమింగలం కథలు చెప్పేవాణ్ణి.

ఎనిమిదేళ్ల పిల్ల అచ్చం నాలాగే, కళ్లార్పకుండా అబద్ధమాడింది.

"టిక్కులెట్టింది నానేనమ్మా," అన్నాను తలొంచుకుని.

మేడం ఆ వేలు నా చేతిలో పెట్టింది. "వంచండి."

వంచాను.

"కథ సెప్పు తాతా," అంది పిల్ల ఏడుస్తూ.

ఒక్కటీ గుర్తు రాలేదు.