టెంకాయ లేచిన చోటు

పక్కచేను బాలప్పను ఆటపట్టిద్దామని, బోరుకు నీళ్లు చూసేవాడిలా అరచేతిలో టెంకాయ పెట్టుకొని అతని చేనంతా తిరిగాను. మా గట్టు పక్కన కింద నీళ్లుంటే లేచి నిలబడే టెంకాయను బొటనవేలితో దొంగచాటుగా లేపి, "ఈడే ఉండాది గంగమ్మ!" అన్నాను.

పిచ్చిమారాజు అక్కడే బోరు వేశాడు. నీళ్లు ఎగజిమ్మాయి. వారం తిరక్కుండా నా బోరు ఎండిపోయింది.

మదనపల్లె నుంచి భూగర్భజలాల మేడం వచ్చి నీళ్లు పరీక్ష చేయించింది. "రెండు బోర్లకూ ఒకటే రాతి చీలిక. వేల ఏళ్ల నాటి నీళ్లని ఇప్పుడే తేలింది. ఈ వానలకు నిండేది కాదు."

నా టమాటా తోట వాడిపోతోంది. బాలప్ప టెంకాయ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఆయమ్మకేం తెలుసప్పా? నీ మాదిరి సూసేటోడు యాడుండాడు? నీ చేన్లో సూడు."

నా పెళ్లాం చెప్పులు విడిచి, చేతులు జోడించి వెనకే నడుస్తోంది.

చేను మొత్తం చుట్టాను. బొటనవేలు కదపలేదు. టెంకాయ దానంతటదే లేస్తుందేమోనని చూస్తున్నాను.