తీర్థం గిన్నె

"నోరు తెరువు కొడుకా," అంటూ అండాళమ్మ తులసి తీర్థం గిన్నె వంచబోయింది. ఉబ్బసంతో ఎగశ్వాస పట్టిన గోపాల్ ఇక దక్కడని, అప్పటికే మంచం దించి నేల మీద పడుకోబెట్టారు.

రజాకార్ల కంటబడకుండా సూర్యాపేట నుంచి వచ్చిన నర్సు సువార్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"పొయ్యకుండ్రమ్మా. పొలమారి పానం పోతది."

"తీర్థం లేకుంట పోతే ఆ పాపం నీకే సుట్టుకుంటది."

"సుట్టుకోనియ్యుండ్రి. ముందుగాల లేపి కూసోబెట్టుండ్రి."

ముందర దిండ్లు పేర్చి, వాటి మీదికి అతన్ని వాల్చి, కిటికీలు తెరిపించింది. అండాళమ్మ గిన్నె వదల్లేదు. కొడుకు గొంతులో పిల్లికూతలు మెల్లగా తగ్గుతుంటే వింటూ నిలబడింది.

గోపాల్ కళ్లు తెరిచాడు. "దూపైతుందే అమ్మా."

ఆమె నర్సు వంక చూసింది. సువార్తమ్మ తలూపింది.

గిన్నెడు తీర్థమూ గుక్కగుక్కగా తాగి, నాలుకకంటిన తులసాకు తీసి పారేసి, "జర మంచినీళ్లియ్యే," అన్నాడు గోపాల్.