రెండో ఆదివారం

"పేరు చెప్పవయ్యా అంటే నీ పేరు చెప్తవేంది? లోపలున్న మనిషి పేరు చెప్పు," అన్నాడు వాచ్‌మన్ జానయ్య.

గట్టయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"గొర్ల వైద్యం నేర్పుతరు గదా సారూ, ఆ క్లాసు. గరిడేపల్లి అంటే తెలుస్తది."

"తల్లిదండ్రులను తప్ప ఎవ్వరిని పంపొద్దని మేడం ఆర్డరు. నెలకొక్క రోజు, అదీ రెండో ఆదివారమే."

"అందుకే గదా ఇయ్యాల వచ్చిన."

జానయ్య ఆయన్ని ఎగాదిగా చూసి నవ్వాడు. "బిడ్డంటే పానం లెక్కుంది. పో, ఆ షెడ్డు కింద కూసో. పిలిపిస్త."

గట్టయ్య ఔననలేదు, కాదనలేదు. సంచి చంకన పెట్టుకుని గబగబా లోపలికి నడిచాడు.

అసలు తప్పంతా గట్టయ్యదే. పట్టుబట్టి పంపింది ఆయనే. ఏటా వానాకాలం గొర్రెపిల్లలు కళ్లముందే పోయేవి. డాక్టరు వచ్చేసరికి అంతా అయిపోయేది. ఊళ్లో ఒక్కరికైనా సూది వెయ్యడం వస్తే బాగుండునని అందరూ అనుకుంటున్న సమయంలో, సూర్యాపేటలో ఆడవాళ్లను హాస్టల్లో ఉంచుకుని ఆ పని ఉచితంగా నేర్పుతారని తెలిసింది. ఆమేమో మంద వెంట పోవాల్సి వచ్చి ఏడో తరగతిలోనే బడి మానేసిన మనిషి. బడి బస్సు పోతుంటే ఆగి చూసే అలవాటు మాత్రం పోలేదు. "పో, నేర్చుకో" అని గట్టయ్యే బస్సెక్కించాడు. ఎక్కించడం తేలికే. ఆ తర్వాత ఇంట్లో ఉండటమే కష్టమైంది.

ఇల్లు బోసిపోయింది. ముసలి తల్లికి చెవుడు, చెప్పిందే చెప్పాలి. పొయ్యి దగ్గరికి పోయినా, దొడ్లోకి పోయినా బస్సెక్కించిన మనిషి గొంతే వినబడినట్టుండేది. చేతిపాలు తాగి పెరిగిన గొర్రెపిల్ల వాకిట్లో నిలబడి ఒకటే అరుపు. దానికి నయం, అరిచి చెప్పుకుంటుంది అనుకునేవాడు గట్టయ్య. మొన్న ఫోన్లో "నాతోని కాదు, సూది పడితే చెయ్యి వణుకుతాంది. వచ్చి తీస్కపో" అని ఏడుపు వినబడితే ఆయనకు బాధ కలగాలా? సంతోషం కలిగింది! అదీ ఆయన సంగతి.

ముసలామెకు పానం బాగలేదని చెబితే చాలు, వెంట వచ్చేస్తుంది. దారంతా ఆ అబద్ధాన్నే వల్లెవేసుకుంటూ వచ్చాడు. సూర్యాపేట బస్టాండులో దిగి మూరెడు మల్లెపూలు కొని, ఆకుపొట్లం చొక్కా జేబులో దాచుకున్నాడు.

షెడ్డు కింద పక్కనే కూర్చున్నతను పలకరించాడు. పేరు యాదగిరి, మిర్యాలగూడ రైసు మిల్లులో హమాలీ. కూతురు మనీషా ఇక్కడే నర్సు పని నేర్చుకుంటోంది.

"కొత్తనా అన్నా? జర గుండె గట్టిగ పెట్టుకో. మొదట్ల ఏడుస్తరు. మనం గూడ ఏడిస్తిమా, ఇగ ఖతం. మనకంటే ముందే పోయి బస్సుల కూసుంటరు. మా మనీషా గట్లనే ఏడ్చింది. ఇప్పుడు సెలవులకు రమ్మన్నా రాదు."

గట్టయ్య చటుక్కున అతనివైపు తిరిగాడు. "రమ్మన్నా రాదా?"

"ఏం పనని వస్తది? ఇంటికాడ గోడలు తప్ప ఏమున్నయి?"

అంతలో ఆమె వచ్చింది. ఆకుపచ్చ కోటు వేసుకుంది. కాస్త సన్నబడింది. పక్కన కూర్చుంటే మందుల వాసన. వస్తూనే సంచి విప్పి చూసింది.

"నువ్వే కాల్చినవా? ఇవి రొట్టెలా, డప్పులా?"

"పండ్లు గట్టిగనే ఉన్నయి గదా, తిను."

నవ్వుతూ ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నవ్వు విని ఎన్నాళ్లయిందో! 

"మొన్న నీకు ఫోన్ జేసినంక కోదాడ దిక్కు ఒక ఊరికి తీస్కపోయిండ్రు," అంది. "జరమొచ్చి పడున్న గొర్రెపిల్లను నా ముందట పెట్టి, నువ్వే సూదెయ్యమన్నడు సారు. చెయ్యి ఒకటే వణుకుడు. అయినా ఏసిన."

"మరి?"

"మేమింక ఆడ ఉండంగనే లేచింది! నా దిక్కు సూసుకుంటనే తల్లి దగ్గరికి పోయింది."

చెబుతుంటే ఆమె మొహం వెలిగిపోతోంది. ఇన్నేళ్లలో ఆ మొహాన ఇంత వెలుగు గట్టయ్య చూసి ఎరగడు. అంతలోనే ఆమె భయంగా తల దించుకుంది.

"అయినా బుగులైతాంది. ఉండుమంటే ఉంట, రమ్మంటే వస్త. ముసలామె ఎట్లున్నది?"

వల్లెవేసుకున్న అబద్ధం పెదాల మీదికి వచ్చింది. ఒక్క మాటంటే చాలు, పొద్దుగూకేసరికి ఇద్దరూ గరిడేపల్లిలో ఉంటారు.

"రాయి లెక్కున్నది. నన్ను తిట్టుకుంట మంచిగ తింటాంది," అన్నాడు గట్టయ్య. "పని మొత్తం నేర్చుకోనే రా. మంద నీ కోసం సూస్తాంది."

"మందొక్కటేనా?"

గట్టయ్య చుట్టూ కూర్చున్న తల్లులనూ తండ్రులనూ చూశాడు.

"గొర్రెపిల్ల గూడ," అన్నాడు.

ఆకుపొట్లం ఆమె చేతిలో పెట్టి లేచాడు. వెనక్కి చూస్తే కాళ్లు కదలవని తెలుసు, అందుకే చూడలేదు.

గేటు దగ్గరికి వచ్చేసరికి కళ్లు నిండిపోయాయి. జానయ్య జాలిగా భుజం తట్టాడు.

"నెల దినాలకే గింత పరేషానైతే ఎట్లయ్యా? రేపు పెండ్లి జేసి పంపినంక ఏం జేస్తవ్?"

గట్టయ్య కళ్లు తుడుచుకుని గేటు దాటాడు. దాటాక గానీ ధైర్యం రాలేదు.

"పెండ్లి ఎప్పుడో అయింది సారూ, నాతోనే."