ఏటవాలు కాడలు

కట్ట మళ్లీ చెయ్యి జారింది. స్కానింగ్ గది గుమ్మంలో ఆస్పరాగస్ కాడలు చెల్లాచెదురయ్యాయి.

"అయ్యో, నీకు పని పెంచాను తల్లీ" అన్నాడు ముసలాయన.

మెరిడిత్ పళ్లు నూరుకుంటూ ఒంగి ఏరసాగింది. ఆయనా ఒంగాడు. కుడిచేత్తో ఒక్కో కాడా తీరిగ్గా ఏరుతున్నాడు. ఎడమచెయ్యి ఎప్పటిలాగే కోటు జేబులో ఉంది.

"ఆ రెండో చెయ్యి కూడా బయటికి తీయొచ్చు ఆల్ఫ్. అరిగిపోదులెండి."

"దానికి బద్ధకమమ్మా" అని నవ్వాడు.

ఆమె ఈ ఆసుపత్రికి వచ్చి మూడు నెలలు. కాడల కాలం మొదలైనప్పటి నుంచి ప్రతి మంగళవారం ఇదే గోల. కూ వీ రప్ అనే పల్లెలో పొద్దున్నే బస్సెక్కి, మెల్బోర్న్ దాకా వచ్చి, ఆమె ప్రాణం తీసి వెళ్తాడు.

కాడలు కూరకి కాదు. ఆ గదిలో తీసేది నరాల పటం. నరంలో నీరు దాని పొడవునా కదులుతుంది. ఆ కదలికను పట్టుకుని యంత్రం నరం దారి గీస్తుంది. కాడ పీచులోనూ నీరు అలాగే కదులుతుంది. అందుకే మనిషిని పడుకోబెట్టే ముందు, డబ్బాలో కాడలు పేర్చి యంత్రాన్ని పరీక్షిస్తారు.

"ఎలా పేర్చావు?" గాజు కిటికీలోంచి తొంగిచూశాడు ఆల్ఫ్.

"తిన్నగా. పాత కాడలతోనే పరీక్ష అయిపోయింది. యంత్రం బాగుంది."

"ఏటవాలుగా పెట్టాలమ్మా. తిన్నగా పెడితే..."

"మొదలెట్టారా! పోయిన వారం ఇదే పాట, అంతకు ముందు వారం ఇదే పాట. పదకొండేళ్లుగా ఈ పని చేస్తున్నాను నేను. మీకెవరు నేర్పారు ఎమ్మారై, మీ తోటలో కాడలా?"

"అలాగే అనుకో. నిన్న కంపెనీవాళ్లొచ్చి కంప్యూటర్లో ఏదో మార్చారట. రిసెప్షన్‌లో నోలీన్ చెప్పింది. ఈ ఒక్కసారికి..."

"లోపల పేషెంటు కాచుకుని ఉంది ఆల్ఫ్! గొర్రెల ఉన్ని కత్తిరించే పిల్ల. బండి బోల్తాపడి కుడిచెయ్యి చచ్చుబడింది. రేపే ఆపరేషన్. మీ కాడల కచేరీ వినే ఓపిక నాకు లేదు. వచ్చే వారం నుంచి రాకండి. కాడలు సూపర్ మార్కెట్లో దొరుకుతాయి."

ఆయన కట్టని బల్ల మీద పెట్టాడు.

"ఈసారి కాస్త పొడుగ్గా కోశాను" అని మాత్రం అని, వెళ్లిపోయాడు.

పీడ వదిలిందనుకుంది మెరిడిత్.

ఆ పిల్ల పేరు టేగన్. మెడ దగ్గర నరాల వేర్ల పటం తీయడానికి ముప్పావుగంట పట్టింది. ఏడో వేరు గీత సగంలోనే ఆగిపోయింది.

"తెగిందా?" ఫోన్లో అడిగాడు సర్జన్. "అయితే దాన్ని కోసేసి వేరే నరం అతికిస్తాను. రేపు ఎనిమిదింటికి."

టేగన్ ఎడమచేత్తో చొక్కా గుండీలు పెట్టుకుంటూ అంది: "మధ్యవేలు ముట్టుకుంటే తెలుస్తోందక్కా. తెగిన నరానికి తెలుస్తుందా?"

మెరిడిత్ మళ్లీ తెర వైపు తిరిగింది. మధ్యవేలికి వెళ్లేది ఆ ఏడో వేరే.

ఇంకోసారి పరీక్ష చేస్తే పోయేదేముంది? డబ్బా ఖాళీ చేసి, ఆల్ఫ్ కట్ట విప్పింది. కాడలు డబ్బాలో తిన్నగా పట్టలేదు. రెండంగుళాలు పొడుగు.

"ఈయనకి కొలతలు కూడా రావు" అని గొణుక్కుంటూ, మూల నుంచి మూలకి దూర్చింది.

డబ్బాలో కాడలు కుడికి వాలి ఉన్నాయి.

తెర మీద ఎడమకి వాలాయి.

కొత్త ప్రోగ్రాంలో దిశల గుర్తు తిరగబడింది. తిన్నని కాడని ఎటు తిరగేసినా తిన్నగానే కనిపిస్తుంది. వాలుగా ఉన్నదే తప్పుని పట్టిస్తుంది. మెడ నుంచి భుజానికి దిగే నరాలన్నీ వాలుగానే దిగుతాయి; అందుకే గీత దారి తప్పి మధ్యలో ఆగింది.

గుర్తు సరిచేసి, టేగన్ పటం మళ్లీ గీయించింది. ఏడో వేరు ఎక్కడా ఆగకుండా వెన్ను దాకా వెళ్లింది.

"కత్తి పెట్టకండి డాక్టర్" అంది ఫోన్లో. "వేరు తెగలేదు. నలిగిందంతే."

మరుసటి మంగళవారం రెండు కప్పులు పెట్టి టీ కాచింది. తొమ్మిదైంది. పదైంది. టీ చల్లారింది.

"రావద్దంటే నిజంగానే మానేస్తాడా మనిషి!" అని ఆయన మీదే విసుక్కుని, రిసెప్షన్‌కి నడిచింది.

"నోలీన్, ఆ కాడలాయన నంబరివ్వు. సరుకులు వేసేవాళ్ల జాబితాలో ఉంటుంది."

"సరుకులు వేసేవాడా? ఎవరు చెప్పారు నీకు?" నోలీన్ కళ్లజోడు పైకి తోసి, బీరువాలోంచి ఒక పాత ఫైలు తీసింది. "అవునులే. అప్పటివాళ్లలో నేను తప్ప ఎవరున్నారిప్పుడు!"

అది పేషెంట్ల ఫైలు.

తొమ్మిదేళ్ల కిందటి కాగితం మీద ఇలా ఉంది: "ఆల్ఫ్ ట్రెలోర్, రైతు; పటంలో దిశలు తారుమారైనందువల్ల, బాగున్న నరాన్ని తెగిందనుకుని కోయగా, ఎడమచెయ్యి శాశ్వతంగా పడిపోయింది."